చేతిపనితో జట్టు కట్టడం: ఆఫీసు బృందాలకు హస్తకళా వర్క్‌షాపు నిర్వహించే సమగ్ర మార్గదర్శి

ఆఫీసు వారికి హస్తకళా వర్క్‌షాపు అనగానే సాధారణంగా జరిగేది ఇది. ఇరవై మంది ఒక గదిలో కూర్చుంటారు. ఎవరి ముందు వారికి ఒక మట్టి ముద్దో, చిన్న కాన్వాసో పెడతారు. రెండు గంటల తరువాత ఎవరి వస్తువు వారు పట్టుకుని ఫొటో దిగుతారు. సరదాగానే గడుస్తుంది. అయితే ఆ రెండు గంటల్లో పక్కవారి అవసరం ఎవరికీ పడలేదు. అందుకే మరునాటికి ఆఫీసులో ఏదీ మారదు.

పక్కపక్కన కూర్చుని చేయడం వేరు, కలిసి చేయడం వేరు. ఒకరి పని ముగిస్తే తప్ప మరొకరి పని మొదలు కాని ఏర్పాటు ఉన్నప్పుడే మనుషులు ఒకరినొకరు అడుగుతారు, ఆగుతారు, సర్దుకుంటారు. ఆ ఏర్పాటు దానంతట అది రాదు. నిర్వాహకులే ముందుగా కూర్చుని దాన్ని రూపొందించాలి. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం దాని గురించే.

1. ఏ ఇబ్బంది కోసమో ఒక్క వాక్యంలో రాసుకోండి

‘జట్టు స్ఫూర్తి పెంచడం’ అని రాసుకుంటే అది ఏ నిర్ణయానికీ సాయపడదు. కళ్లకు కనిపిస్తున్న ఇబ్బందిని పట్టుకోండి. కొత్తగా చేరినవారు పాతవారిని ఏమీ అడగడం లేదు. రెండు విభాగాలు ఈమెయిళ్లలో తప్ప మాట్లాడుకోవడం లేదు. ఏ సమావేశంలోనైనా ఆ ముగ్గురి గొంతులే వినిపిస్తాయి. ఇలాంటి వాటిలో ఒక్కదాన్ని ఎంచుకోండి. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, ఏ చేతిపని కావాలి, చివర్లో ఏం మాట్లాడుకోవాలి అన్న ప్రశ్నలకు జవాబులు ఆ వాక్యంలోంచే వస్తాయి.

కొన్ని సమస్యలకు ఇది మందు కాదు. జీతాల కోత, భరించలేని పనిభారం, వేధింపుల ఫిర్యాదు ఉన్నచోట ముందు వాటి సంగతి చూడాలి. ఆ సమయంలో వర్క్‌షాపు పెడితే ‘మా గోడు వినమంటే బొమ్మలు చేసుకోమంటున్నారు’ అనుకుంటారు. అలా అనుకోవడం న్యాయమే కూడా.

మరి ఆటలు, విహారయాత్రలు కాకుండా చేతిపనే ఎందుకు? పరుగెత్తలేనివారు ఆటలో పక్కకు తప్పుకుంటారు. మాటకారులు చర్చను ఎగరేసుకుపోతారు. కుట్టు సూదినో మట్టినో మాటలతో ఒప్పించలేం. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న అధికారి, నిన్న చేరిన ఉద్యోగి అక్కడ ఒకే తడబాటుతో మొదలవుతారు. ఒత్తిడి విషయంలోనూ కొంత ఆధారం ఉంది. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 39 మంది పెద్దవారి చేత 45 నిమిషాలు మట్టి, రంగులు, కాగితపు ముక్కలతో నచ్చినది చేయించి, ముందూ తరువాతా వారి లాలాజలంలో ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ హార్మోను మోతాదు చూశారు. సుమారు నాలుగింట మూడు వంతుల మందిలో అది తగ్గింది. పూర్వానుభవం ఉన్నవారికీ లేనివారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అది చిన్న అధ్యయనమని, నాలుగో వంతు మందిలో తగ్గలేదని కూడా గుర్తుంచుకోవాలి. అందరికీ ఇది హాయినివ్వదు. కాబట్టి రావడం, రాకపోవడం వారి ఇష్టానికే వదిలేయాలి.

2. పనిని ఎంచుకోండి: తొందరపడకూడనిది ఇక్కడే

మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒకరు మానేస్తే మిగతావారి పని ఆగుతుందా? ఒక్కొక్కరు చేసిన భాగం విడిగా కనిపిస్తుందా? మొదటిసారి చేసేవారు రెండు మూడు గంటల్లో ముగించగలరా?

రెండో ప్రశ్న ఎందుకో చూద్దాం. ఫ్రెంచ్ వ్యవసాయ ఇంజినీరు మాక్స్ రింగెల్‌మాన్ మనుషుల చేత తాడు లాగించి చూసి, 1913లో ఆ ఫలితాలు ప్రచురించారు. లాగేవారి సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతూ వచ్చింది. 1979లో లాటనే, విలియమ్స్, హార్కిన్స్ అనే ముగ్గురు పరిశోధకులు చప్పట్లు, కేకలతో ప్రయోగాలు చేస్తే అక్కడా అంతే. సమన్వయం కుదరకపోవడం కొంత కారణమైతే, గుంపులో తమ వంతు ఎవరికీ తెలియదన్న ధీమా మరికొంత. ఒకే పెద్ద బొమ్మ చుట్టూ పదిమందిని నిలబెట్టండి, ముగ్గురు చేస్తారు, ఏడుగురు చూస్తారు. ఎవరి భాగం వారిదిగా కనిపించాలి, అది లేకుండా మొత్తం నిలవకూడదు. రెండూ ఒకేసారి కావాలి.

మూడో ప్రశ్నకు ఆధారం ‘ఐకియా ప్రభావం’గా పేరుపడ్డ పరిశోధన (కొన్నవారే బిగించుకునే ఫర్నిచర్ అమ్మే సంస్థ ఐకియా). 2012లో మైకేల్ నార్టన్, మరో ఇద్దరు ప్రచురించిన ఈ అధ్యయనంలో, మనుషులు తాము మడిచిన కాగితపు బొమ్మలకు, తాము బిగించిన పెట్టెలకు ఇతరులు ఇవ్వనంత విలువ కట్టారు. అయితే పని మధ్యలో ఆగిపోయినా, చేసినదాన్ని విప్పేసినా ఆ మమకారం కనబడలేదు. ఆశపడి పెద్ద పని ఎత్తుకుని, సమయం చాలక సగంలో వదిలేయడం కంటే చిన్నది పూర్తిచేయడమే మేలు.

ఇక పనుల సంగతి.

*కాగితపు మాడ్యూళ్లు.* మొదటిసారి నిర్వహిస్తున్నవారు ఇక్కడ మొదలుపెట్టండి. కాగితం మడిచి బొమ్మలు చేసే జపాను కళ ఒరిగామిలో సోనోబె మాడ్యూలు అని ఒకటుంది. ఒక చదరపు కాగితాన్ని మడిస్తే ఒక మాడ్యూలు వస్తుంది. ఆరు కలిపితే ఘనం, ముప్పై కలిపితే కోణాలు తేలిన బంతి. జిగురు అక్కర్లేదు, ఒకదాని చెవి మరొకదాని జేబులో దూరుతుంది. ఆరుగురి జట్టులో తలకు ఐదు మడిస్తే ముప్పై అవుతాయి. ఒకరు అంచులు సరిగా కలపకుండా మడిచారా, ఆ ముక్క బిగుసుకోదు, బంతి అక్కడే ఊడుతుంది. అప్పుడు జరిగే సంభాషణ కోసమే ఈ పని. ఎవరిది ఊడిందో వెతకడంతో మొదలై, కాసేపటికి ‘ఇలా మడిస్తే సరిపోతుంది’ దగ్గరికి వస్తుంది. నీళ్లు, మంట, దుమ్ము లేవు. ఇళ్ల నుంచి పనిచేసేవారికైతే కాగితాలు పంపి, మడతలు వీడియోలో కలిసి వేయించి, మళ్లీ కలిసిన రోజున బిగించుకోవచ్చు.

*చెక్క అచ్చులతో అద్దకం.* ఒకరు గీతల అచ్చు వేస్తారు, వెనకే మరొకరు రంగు నింపే అచ్చు వేస్తారు. మొదటి అచ్చు కాస్త పక్కకు జరిగితే రెండోవారు దాన్ని సరిదిద్దలేరు, దానికి తగ్గట్టు సర్దుకోవడమే. ఆఫీసులో ఒకరి పొరపాటు తరువాతివారి బల్ల మీదికి ఎలా చేరుతుందో ఇంతకంటే స్పష్టంగా చూపించే పని నాకు తెలియదు. బల్ల మీద దుప్పటి మడత పరిచి, దాని మీద గుడ్డను ముడతలు లేకుండా బిగించాలి, లేకపోతే అచ్చు సమంగా పడదు. నీటితో కలిపే వస్త్ర రంగులు వాడి, ఆరాక డబ్బా మీద చెప్పినట్టు ఇస్త్రీ చేస్తే రంగు నిలుస్తుంది.

*మొజాయిక్.* రెండు విభాగాల మధ్య గోడలున్నచోట ఇది పనికొస్తుంది. చిన్న చిన్న పెంకు ముక్కలు అతికించి బొమ్మ చేయడమే మొజాయిక్. పెద్ద బొమ్మను చదరాలుగా విడగొట్టి, చదరానికో జట్టును పెట్టండి. లోపల ఏం చేసుకున్నా వారి ఇష్టం, అంచులు మాత్రం పక్క చదరంతో కలవాలి. ఆ అంచు కోసం పక్క జట్టుతో వెళ్లి మాట్లాడక తప్పదు. పెంకులు ముందే కోసినవి తెప్పించండి. అక్కడే కోయాల్సివస్తే కళ్లద్దాలు తప్పనిసరి. పెంకులు అతికించిన జిగురు ఆరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది కాబట్టి సందులు నింపే చివరి పని మరునాటికి పెట్టుకోండి.

*నేత.* పెద్ద చట్రానికి పడుగు (నిలువు దారాలు) ముందే కట్టి ఉంచితే, జట్టులో ఒక్కొక్కరు కొన్ని వరుసల పేక (అడ్డ దారం) వేయవచ్చు. పేకను గట్టిగా లాగే అలవాటున్నవారి దగ్గర బట్ట అంచులు లోపలికి నడుస్తాయి, వదులుగా వేసేవారి దగ్గర బయటికి వస్తాయి. తరువాత కూర్చునేవారు దాన్ని గమనించి సరిచేయాలి. ఒకేసారి ఇద్దరు ముగ్గురికి మించి చేతులు పట్టవు. అందుకే ఒక్క పూటలో ముగించే కంటే ఆఫీసులో ఒక మూల వారం పాటు ఉంచి, వీలున్నప్పుడు వచ్చి నేయమంటే ఎక్కువమంది చేస్తారు.

*పుస్తకం కుట్టడం.* మూడు రంధ్రాల కుట్టుతో చిన్న నోటుపుస్తకం కుట్టడం ఎవరైనా ఇట్టే నేర్చుకుంటారు. మడిచేవారు, రంధ్రాలు పొడిచేవారు, కుట్టేవారు, అట్ట వేసేవారు అని పంచితే చక్కని వరుస పని. ఎక్కడ కాగితాలు పేరుకుపోతున్నాయో, ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి మధ్యలో పాత్రలు మార్చుకోమనండి. కాగితాన్ని దాని పోగు దిశలోనే, అంటే అందులోని నారలు సాగిన వైపే మడవాలి, అడ్డంగా మడిస్తే మడత పగిలినట్టు వస్తుంది.

*మట్టి.* అందరూ మొదట అడిగేది ఇదే, ఏర్పాటు కష్టమైనదీ ఇదే. కుమ్మరి చక్రం దగ్గర ఒకరు కూర్చుంటే మిగతావారు ప్రేక్షకులు. మొదటిసారి చక్రం మీద మట్టిని మధ్యకు తేవడమే గగనం. కాబట్టి చక్రం వద్దు, చేత్తో చేసే పద్ధతి తీసుకోండి. మట్టిని తాళ్లలా చేసి ఒకదానిమీద ఒకటి పేర్చి, అతికే చోట గీతలు గీసి, పలచని మట్టి పూసి నొక్కాలి. ఒక పాత్రను నలుగురు వంతులవారీగా పైకి లేపవచ్చు. గోడ మందం చాలా తేడాగా ఉంటే ఆరేటప్పుడు పగులుతుంది. వస్తువు నిదానంగా ఆరడానికి వారం, అంతకంటే ఎక్కువ పట్టవచ్చు. తడి మిగిలి ఉండగా బట్టీలో పెడితే లోపలి నీరు ఆవిరై పేలిపోతుంది. మొదటి కాల్పు సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర జరుగుతుంది, పైన గాజు పూత కావాలంటే మరో కాల్పు. చేతికి వచ్చేసరికి కొన్ని వారాలవుతుందని, పాత్ర దాదాపు పదో వంతు కుదించుకుపోతుందని ముందే చెప్పండి. బట్టీ లేని చోట గాలికి ఆరే మట్టి వాడవచ్చు, దానితో చేసినవి అలంకరణకే.

రెండు పనులు వద్దంటాను. సబ్బు తయారీలో వాడే కాస్టిక్ సోడా చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది. పోసి గట్టిపరిచే ప్లాస్టిక్ ద్రవమైన రెజిన్ గట్టిపడకముందు చర్మానికి తగిలితే కొందరికి శాశ్వతంగా అలర్జీ పట్టుకుంటుంది, దాని ఆవిర్లు మూసిన గదిలో మంచివి కావు. అనుభవం లేని ఇరవై మందిని వాటి దగ్గర కూర్చోబెట్టడానికి ‘ఫొటోలు బాగా వస్తాయి’ అన్నది చాలిన కారణం కాదు. కొవ్వొత్తులు, ముడి కట్టి అద్దడం వంటివి ప్రమాదకరమేమీ కాదు. ఎవరిది వారు చేసుకునే పనులు కాబట్టే మన లెక్కలో వెనకబడతాయి.

3. నేర్పేవారితో ముందే కూర్చోండి

గొప్ప కళాకారులందరూ గొప్పగా నేర్పలేరు. తప్పు కనిపించగానే చేతిలోంచి లాక్కుని తాము సరిచేసేవారు ఈ పనికి పనికిరారు. పది పన్నెండు మందికి ఒకరు నేర్పేలా చూసుకోండి, అంతకు మించితే సహాయకులను అడగండి. మీ ఉద్దేశం వివరంగా చెప్పండి: అందమైన వస్తువు కంటే ఒకరి మీద ఒకరు ఆధారపడటం మాకు ముఖ్యం, సగంలో ఎవరైనా ఇరుక్కుంటే వెంటనే మీరు వెళ్లకండి, ముందు జట్టులోనే అడగనివ్వండి. ఈ మాట విన్నాక ముఖం చిట్లించేవారిని వదిలి మరొకరిని వెతకండి. వారి పనికి, సన్నాహక సమయానికి కూడా తగిన పారితోషికం ఇవ్వాలి. ప్రచారం దొరుకుతుందని చెప్పి ఉచితంగా చేయించుకోవడం మర్యాద కాదు.

అసలు రోజుకు ముందు ముగ్గురు నలుగురితో ఒకసారి చేసి చూడండి. నేర్పేవారు గంట అన్నది మొదటిసారి చేసేవారికి ఎంత పడుతుందో అప్పుడు తేలుతుంది.

4. జట్లు, పాత్రలు

నలుగురి నుంచి ఆరుగురి వరకు ఒక జట్టు. ఎవరితో ఎవరు ఉండాలో మీరే ముందు నిర్ణయించండి. ‘మీకు నచ్చినట్టు కూర్చోండి’ అంటే రోజూ కలిసి తిరిగేవారే మళ్లీ కలిసి కూర్చుంటారు.

పాత్రలు పంచడానికి నాకు నచ్చిన పద్ధతి బడి నుంచి వచ్చింది. 1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్ నగరంలో, వేర్వేరు జాతుల పిల్లలు అప్పుడే ఒకే బడిలో చేరి గొడవలు పడుతున్న రోజుల్లో, ఎలియట్ ఆరన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పాఠాన్ని ముక్కలు చేసి, జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చారు. మిగతా ముక్కలు తోటివారి నోటి నుంచే నేర్చుకోవాలి. ‘జిగ్సా తరగతి’ అంటారు దీన్ని. వర్క్‌షాపులో అదే చేయండి. మొదట ప్రతి జట్టు నుంచి ఒకరిని పిలిచి రంగు కలపడం నేర్పండి, మరొకరికి అచ్చు వేయడం, ఇంకొకరికి కొలతలు. వారు వెనక్కి వెళ్లి తమ జట్టుకు నేర్పాలి. సమావేశాల్లో నోరు విప్పనివారికి కీలకమైన ముక్క ఇస్తే, వారి దగ్గరికి మిగతావారే వచ్చి అడుగుతారు.

అధికారుల సంగతి విడిగా చెప్పాలి. వారు తప్పకుండా రావాలి, తప్పకుండా పని చేయాలి. దూరంగా నిలబడి చేతులు కట్టుకుని చూసేవారుంటే గది బిగుసుకుపోతుంది. అలాగని నిర్ణయాలు వారి చేతికి వెళ్లకూడదు. గరుకు కాగితం పట్టించండి, రంగు గిన్నెలు కడిగించండి. తమ కింద నేరుగా పనిచేసేవారు లేని జట్టులో వేయండి.

5. చోటు, సమయం, జాగ్రత్తలు

పని వేళల్లోనే పెట్టండి. సెలవు రోజున పెట్టి ఐచ్ఛికం అంటే ఎవరూ నమ్మరు. రెండున్నర నుంచి మూడు గంటలు చాలు. ఆ పూట గడువులేవీ లేకుండా చూడండి, లేకపోతే సగం మంది కళ్లు ఫోన్ల మీదే ఉంటాయి.

ఆహ్వానంలోనే ఒక చిన్న ప్రశ్నావళి పెట్టండి: చర్మ అలర్జీలు, ఆస్తమా, చేతి కదలికలో ఇబ్బంది, రంగులు గుర్తించడంలో తేడా, గర్భిణులైతే వాసనల విషయంలో జాగ్రత్త, ఎడమచేతి వాటం. జవాబులు నిర్వాహకులకు తప్ప ఎవరికీ తెలియవని రాయండి. ఎడమచేతి కత్తెరలు ఒకటి రెండు ఉంచడం, సహజ రబ్బరు తొడుగులు పడనివారికి నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు తొడుగులు తేవడం చిన్న ఖర్చు. రంగుల గిన్నెల మీద పేర్లు రాస్తే వర్ణాంధత్వం ఉన్నవారు ఎవరినీ అడగాల్సిన పని ఉండదు. మట్టి పని తరువాత గదిని పొడిగా ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. ఎండిన మట్టి దుమ్ములో ఊపిరితిత్తులకు హాని చేసే సిలికా ఉంటుంది.

సామగ్రిలో అయిదో వంతు అదనంగా ఉంచండి. ఒక పనిముట్టు మాత్రం కావాలనే తక్కువ పెట్టవచ్చు: రెండు జట్లకు ఒకే రకం అచ్చు ఇస్తే పంచుకోవడం నేర్చుకుంటారు. ఇది ఒక్కదానికే పరిమితం చేయండి, ప్రతిదానికీ కొరత సృష్టిస్తే చిరాకే మిగులుతుంది.

6. ఆ రోజు ఎలా నడపాలి

మొదటి పది నిమిషాల్లో మూడు విషయాలు చెబితే చాలు. ఏం చేయబోతున్నాం, ఎప్పటికి ముగుస్తుంది, ఇక్కడ చేసిన దేనినీ ఎవరి పనితీరు మదింపులోనూ ప్రస్తావించబోం. మూడోది ఉత్త మాట కాకూడదు. ‘ఆయన నాయకత్వ లక్షణాలు అచ్చు వేసేటప్పుడే చూశాం’ అని తరువాత ఎవరైనా అన్నారా, మళ్లీ ఎవరూ మనసు విప్పి రారు. పరిచయ ఆటలు అక్కర్లేదు, వెంటనే చేతులకు పని చెప్పండి.

తరువాతి అరగంట నేర్చుకోవడానికి, పనికిరాని గుడ్డ మీదో కాగితం మీదో పాడుచేసుకోవడానికి. ఇది కోసేస్తే అసలు పనిలో భయం ఎక్కువవుతుంది. ఆ తరువాత గంటా గంటంబావు అసలు పని. సగం దారిలో ఒకసారి ఆపి, జట్లన్నిటినీ లేచి పక్క బల్లలు చూసి రమ్మనండి. ఎవరో కనిపెట్టిన చిట్కా గదంతా పాకేది అప్పుడే. పోటీలు, బహుమతులు వద్దు. పోటీ పెట్టగానే ప్రతి జట్టూ తమలో చేయి తిరిగినవారికి పని అప్పగించి మిగతావారిని పక్కన పెడుతుంది. దాంతో మీరు కట్టిన ఏర్పాటంతా కూలిపోతుంది.

నిశ్శబ్దం కమ్మితే కంగారు పడకండి. చేతులు పనిలో ఉన్నప్పుడు మాట లేకపోవడం ఇబ్బందిగా ఉండదు. అసలు చాలామందికి నచ్చేది అదే. ఫొటోలు తీసేముందు అడగండి.

7. తరువాత మాట్లాడుకోవడం

పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. ‘దీని నుంచి నాయకత్వం గురించి ఏం నేర్చుకున్నారు?’ వంటి ప్రశ్నకు వచ్చే జవాబులన్నీ అరువు మాటలే. చేతికి తగిలిన విషయాలు అడగండి. పని ఎక్కడ ఆగింది? ఆగినప్పుడు ఎవరిని అడిగారు? అడగడానికి ఎంతసేపు తటపటాయించారు? పక్కవారు ఇచ్చినది మీకు అవసరమైన స్థితిలో వచ్చిందా? అచ్చు పక్కకు జరిగిన సంగతి చెబుతూ చెబుతూ, అసంపూర్ణ వివరాలతో తమ దగ్గరికి వచ్చే ఫైళ్ల గురించి ఎవరో ఒకరు ఎత్తుతారు. ఆ మాట వారి నోటి నుంచే రానివ్వండి, మీరు అందించకండి.

ముగించే ముందు ప్రతి జట్టూ ఆఫీసు పనిలో మార్చుకోదగ్గ ఒక్క చిన్న విషయం రాయాలి. చిన్నది అంటే నిజంగా చిన్నది: ఫైలు పంపేముందు అవతలివారికి ఫోన్ చేసి ఏ రూపంలో కావాలో కనుక్కోవడం వంటిది.

8. ఫలితం ఎలా తెలుస్తుంది

గది దాటేటప్పుడు నింపించే ‘బాగుందా?’ పత్రాలను నమ్మకండి. ఆ క్షణంలో అందరికీ బాగానే ఉంటుంది. వర్క్‌షాపుకు వారం ముందు, మళ్లీ అయిదారు వారాల తరువాత అవే రెండు ప్రశ్నలు పేర్లు లేకుండా అడగండి. ఒకటి, గత వారం మీ విభాగం బయటివారిని ఎవరినైనా సాయం అడిగారా? రెండు, తెలియదని చెప్పడానికి ఇబ్బంది పడ్డారా? మొదటి అడుగులో రాసుకున్న వాక్యాన్ని బట్టి ప్రశ్నలు మార్చుకోవచ్చు. తేడా లేకపోతే ఆ మాటే రాసిపెట్టండి. కారణం తరచు పని ఎంపికలోనో, జట్లు కూర్చడంలోనో దొరుకుతుంది.

చేసిన వస్తువును అందరూ నడిచే దారిలో పెట్టండి, చేసినవారి పేర్లతో. ఏదైనా పగిలితే పారేయకుండా అతికించే పనిని మరో చిన్న సమావేశంగా మార్చవచ్చు. రెండోసారి వర్క్‌షాపు పెట్టేటప్పుడు మొదటిసారి వచ్చినవారిలో ఇద్దరు ముగ్గురిని నేర్పేవారి పక్కన సహాయకులుగా నిలబెట్టండి. బయటి నుంచి అదనపు సహాయకులను పిలిచే ఖర్చు తగ్గుతుంది, తమతో రోజూ పనిచేసే మనిషి నేర్పుతుంటే కొత్తవారు అడగడానికి అంతగా మొహమాటపడరు.